మెయిన్ బోర్డులో పాతాళగంగ

తీగ కోసం పూడ్చిన గొట్టమే నీటికి తూము

విజయవాడ: వాన వెలిసి రెండు రోజులవుతుంది. ఇంటి ముందు నేల ఆరిపోతుంది. పైకప్పు కురవదు, గోడకు చెమ్మ లేదు. అయినా మెయిన్ బోర్డు పెట్టె మూత తీస్తే అడుగున గ్లాసెడు నీళ్ళు! ఎక్కడి నుంచి వచ్చాయో ఇంటివారికి అంతుబట్టదు. పైన చూస్తారు, పక్కన చూస్తారు, చివరకు మేడ మీద అద్దెకున్నవారి స్నానాల గదిని అనుమానిస్తారు. కింద చూసేవారు అరుదు. నీళ్ళు వచ్చింది కింది నుంచే. వీధిలోని మీటరు నుంచి ఇంట్లోకి తీగ తేవడానికి ఇంటివారే పూడ్పించిన గొట్టం వెంట వచ్చాయి.

విజయవాడలోనూ, గుడివాడ, మచిలీపట్నం వంటి డెల్టా పట్టణాల్లోనూ కొత్తగా కట్టే ఇళ్ళకు మీటరును ప్రహరీ గోడకు బిగించి, అక్కడి నుంచి పీవీసీ గొట్టంలో కేబులు దూర్చి, వాకిలి కింద నుంచి హాల్లోని బోర్డు దాకా తీసుకుపోవడం పరిపాటి అయింది. గాలిలో వేలాడే సర్వీసు వైరు కంటే ఇది చూపుకు బాగుంటుంది, గాలివానకు తెగదు. అంతవరకు మంచిదే. చిక్కల్లా గొట్టానికి రెండు నోళ్ళుంటాయన్న సంగతి ఎవరూ పట్టించుకోకపోవడంలో ఉంది. ప్రహరీకి కాంక్రీటు వేసేనాడు తాపీ మేస్త్రీ దగ్గరి కూలీ ఆ గొట్టాన్ని జానెడు లోతున పడేస్తాడు. రెండు నెలల తరువాత ఎలక్ట్రీషియన్ వచ్చి తీగ లాక్కుని పోతాడు. వాలు ఎటున్నదీ, నోరు మూసిందీ లేనిదీ చూడడం మేస్త్రీ పని కాదు, ఎలక్ట్రీషియన్ పనీ కాదు. అలా అది ఎవరి పనీ కాకుండా పోయింది.

రోడ్డు పైకి, ఇల్లు కిందికి

నీరు పల్లమెరుగు అన్నది పాత మాట. ఇప్పుడు పల్లం ఎక్కడున్నదన్నదే ప్రశ్న. రోడ్డు మీద రోడ్డు వేసిన ప్రతిసారీ వీధి నాలుగంగుళాలు లేస్తోంది. ఇల్లు మాత్రం లేవదు కదా! ఇరవై, ముప్పై ఏళ్ళ కిందట మూడు మెట్లెక్కి వెళ్ళిన ఇళ్ళలోకి ఇవాళ ఒక మెట్టు దిగి వెళ్ళవలసిన వీధులు విజయవాడ పాత పేటల్లో కొల్లలుగా ఉన్నాయి. ఫలితంగా ప్రహరీ దగ్గర గొట్టం నోరు ఎత్తున ఉంటోంది, ఇంట్లోని నోరు పల్లాన ఉంటోంది. వాన నీరు వీధి చివర గొట్టంలో దిగి బోర్డులో తేలుతుంది. బోర్డు నుంచి బయటకు కారితే ఇంటివారికి తెలుస్తుంది. కారకుండా లోపలే నిలిస్తే తెలియదు, అదే మరీ ప్రమాదం.

ఎనికేపాడు వద్ద ఏలూరు కాలువ కింద నుంచి బుడమేరు అండర్ టన్నెల్ గుండా అవతలికి పోవడం ఈ ప్రాంతంవారికి తెలిసినదే. ఒక పక్క మట్టం పెరిగితే రెండో పక్క నీరు పైకి తన్నుకు రావలసిందే. పూడ్చిన గొట్టం సంగతీ అంతే. కాకపోతే ఇక్కడ రెండో పక్క ఫ్యూజులు, స్విచ్చులు ఉంటాయి. అంగుళం గొట్టం ఇరవై మీటర్ల పొడవున నిండితే అందులో ఏడెనిమిది లీటర్ల నీరు నిలుస్తుంది. వీధిలో మోకాటి లోతు నీరు చేరి, ఇంట్లోని నోరు అంతకంటె పల్లాన ఉంటే ఈ ఏడెనిమిది లీటర్ల లెక్క కూడా ఉండదు. వీధి నీరు తగ్గేదాకా వస్తూనే ఉంటుంది.

ఎప్పుడు వస్తోందో చూడాలి

నీరు వచ్చే దారులు ఒకటికి నాలుగున్నాయి. ఎటు వచ్చిందో తేల్చకుండా దొరికిన మందు పూసి మూసేస్తే డబ్బు దండుగ. వాన మొదలైన కాసేపటికే బోర్డులో నీరు కనిపిస్తే, ఎత్తున ఉన్న గొట్టం నోట్లో వాన సూటిగా పడుతున్నదన్నమాట. వాన వెలిసి ఒకటి రెండు రోజుల తరువాత ఊరితే, అది నేలలోని నీరు గొట్టం అతుకుల గుండా చొరబడిందే.

ఈ రెండోది డెల్టాలో ఎక్కువ. ఇక్కడి నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుని బీటలు వారుతుంది. నేల అలా ఏటేటా కదులుతుంటే గొట్టం అతుకులు ఊడుతాయి. కుళాయి గొట్టాలకు సొల్యూషన్ రాసి అతికించే మనిషే, కరెంటు గొట్టం దగ్గరికి వచ్చేసరికి ఒకదానిలో ఒకటి దూర్చి ఊరుకుంటాడు. ‘ఇందులో పారేది నీళ్ళు కాదు కదా’ అన్న ధీమా అది. దివిసీమ వంటి పల్లపు ప్రాంతంలో వానాకాలం రెండు మూడడుగులు తవ్వితే నీరు తగులుతుంది. నాగాయలంక, కోడూరు వైపు అది ఉప్పునీరు కూడా. మంచినీటి కంటె ఉప్పునీటి గుండా కరెంటు సులువుగా పోతుంది, రాగిని, ఇనుమును త్వరగా తింటుంది.

అసలు వానే లేని రోజుల్లో, ధనుర్మాసపు తెల్లవారుజామున పెట్టె మూత లోపలి వైపు ముత్యాల్లా నీటి బొట్లు పట్టి ఉంటే, అది మూడో రకం. నేల అడుగున వెచ్చగా, తేమగా ఉన్న గాలి పొగగొట్టంలో పొగలా పైకి లేచి, చల్లబడిన ఇనుప పెట్టెకు తగిలి నీరవుతుంది. ఏసీ గదుల్లో ఇది వేసవిలోనూ జరుగుతుంది. బయటి ఉక్క గాలి గొట్టం వెంట లోపలికి వచ్చి చల్లని స్విచ్చు బోర్డు వెనుక చెమర్చుతుంది. పైపైన తుడిస్తే మర్నాటికి మళ్ళీ వస్తుంది.

నాలుగోది చాలామంది ఎరుగరు. నీరు గొట్టంలోనే కాక తీగ లోపల కూడా నడుస్తుంది. పలు పోగుల తీగలో పోగుకూ పోగుకూ మధ్య సన్నని సందులుంటాయి. దీపపు వత్తి నూనెను పీల్చినట్లు అవి నీటిని పీల్చుకుంటాయి. బయట కేబులు కొస పైకి చూస్తూ, తొడుగు చీల్చి వదిలేసి ఉంటే ఆ నీరు తొడుగు లోపలే గజాల కొద్దీ నడిచి ఇంట్లోని స్విచ్చు మర దగ్గర చుక్కలుగా తేలుతుంది. గొట్టం నోరు ఎంత బాగా మూసినా దీన్ని ఆపలేరు.

ఫ్యూజుకు తెలియని కరెంటు

నీరు తగలగానే ఫ్యూజు పోతుంది కదా, ఇక భయమేమిటన్నది చాలామంది అభిప్రాయం. ఇది సరి కాదు. తడిసిన పెట్టెలో ఫేజు నుంచి భూమికి కారే కరెంటు ఒక్కోసారి ఆంపియరులో అయిదో వంతు కూడా ఉండదు. 16 ఆంపియర్ల ఫ్యూజుకు అది లెక్కలోకి రాదు. మనిషి ప్రాణానికి మాత్రం అందులో నాలుగో వంతు గుండె గుండా పోయినా చాలు. ఇంటి ఆర్‌సీసీబీలను 30 మిల్లీ ఆంపియర్ల కారుకే పడిపోయేటట్లు తయారు చేస్తున్నది ఇందుకే. మీటరు దాటాక ఆంపియరులో అయిదో వంతు రాత్రింబవళ్ళు కారుతూ ఉంటే నెలకు ముప్పై యూనిట్లకు పైగా తిరుగుతుంది. దీపం వేయకపోయినా బిల్లు పెరిగిందని వాపోయే ఇళ్ళలో కొన్నింటి గుట్టు ఇదే కావచ్చు.

వానాకాలంలో ఆర్‌సీసీబీ మాటిమాటికీ పడిపోతున్నదని దాన్ని తప్పించి తీగ సూటిగా కలిపించుకునేవారున్నారు. కుక్క అరుస్తోందని దాని నోరు కట్టి దొంగకు తలుపు తీయడం వంటిదే ఇది. అది పడిపోతోందంటే ఎక్కడో తడి ఉందని అర్థం.

వెంటనే షాకు కొట్టకపోయినా తడి తన పని తాను చేసుకుపోతుంది. రాగికి ఆకుపచ్చ చిలుము పడుతుంది, అల్యూమినియం తీగకు తెల్లటి పొడి పడుతుంది. బిగింపు వదులై ఆ మర వేడెక్కుతుంది. ఒకనాడు ఏసీయో, గీజరో వేసినప్పుడు ప్లాస్టిక్ కాలిన వాసన వస్తుంది. మూడు ఫేజుల సర్వీసున్న ఇంట్లో న్యూట్రల్ మర ఇలా తినుకుపోయి ఊడితే ఒక ఫేజు మీద ఓల్టేజి విపరీతంగా పెరిగి టీవీలు, ఫ్రిజ్‌లు ఒక్క దెబ్బతో పోతాయి.

బుడమేరు వచ్చి పోయాక

2024 ఆగస్టు చివరి రోజున, సెప్టెంబరు మొదటి తేదీన కురిసిన కుండపోతకు బుడమేరుకు గండ్లు పడి విజయవాడలో అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం, కండ్రిక, రాజరాజేశ్వరీపేట తదితర ప్రాంతాలు మునిగిన సంగతి విదితమే. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజి వద్ద కృష్ణలో 11 లక్షల 43 వేల క్యూసెక్కుల రికార్డు ప్రవాహం నమోదైంది. మునిగిన పేటలకు కరెంటు ఆపేశారు. కొన్ని వీధుల్లో నీరు వారానికి పైగా నిలిచింది. అపార్టుమెంట్లలో మీటర్లు, ప్యానెల్ బోర్డులు, లిఫ్టు మోటార్లు కట్టకట్టి సెల్లారులోనే పెట్టడం ఎంత చేటో అప్పుడు తెలిసివచ్చింది.

అటువంటి వరదలో అందరి దృష్టీ ఇంట్లో నిలిచిన నీటి మీదే ఉంటుంది. నీరు పోయింది, నేల కడిగారు, ఫ్యాను గాలికి గోడ ఆరింది, ఇక స్విచ్చు వేయవచ్చు అనుకుంటారు. గోడలోని గొట్టాలు, నేలలోని గొట్టాలు అలా ఆరవు. వంపుల్లో బురదనీరు నెలల తరబడి నిలిచి ఉంటుంది. ఎండ తగలదు, గాలి ఆడదు. ఇల్లు పొడిగా కనిపిస్తుంది కాబట్టి చెయ్యి తడుముకోకుండా స్విచ్చు మీదికి పోతుంది.

ఇక్కడ ముఖ్యంగా గుర్తుంచుకోవలసినది ఒకటుంది. ఇంట్లో మెయిన్ స్విచ్చు కట్టేసినంత మాత్రాన మీటరు నుంచి మెయిన్ దాకా వచ్చే తీగలో కరెంటు ఆగదు. నీళ్ళు నిండేది ఆ తీగ ఉన్న గొట్టంలోనే. కనుక బోర్డులో నీళ్ళు కనిపిస్తే, లేక పెట్టెను తాకినప్పుడు చెయ్యి జిల్లుమంటే, మెయిన్ కట్టేశాము కదా అని గుడ్డతో తుడవబోరాదు. మీటరు దగ్గరో, స్తంభం దగ్గరో సరఫరా ఆపించిన తరువాతే పెట్టె ముట్టాలి. విద్యుత్ పంపిణీ సంస్థ ఫిర్యాదుల ఫోను 1912. సీలు వేసిన మీటరు పెట్టెను ఇంటివారు గాని, ప్రైవేటు ఎలక్ట్రీషియన్ గాని విప్పరాదు. అది సంస్థ సిబ్బంది పని.

మునిగిన ఇంట్లో గొట్టాల నుంచి తీగలు బయటకు లాగి, గొట్టాన్ని మంచినీటితో కడిగి, బ్లోయరుతో గాలి కొట్టి, ఆ తరువాత తీగ దూర్చడం సరైన పద్ధతి. బురదలో మునిగిన ఎంసీబీలు, ఆర్‌సీసీబీలు ఆరబెట్టి వాడరాదు. లోపలి మరలో ఇసుక రేణువు ఇరుక్కుంటే పడవలసిన వేళ పడవు. కరెంటు వదిలే ముందు 500 ఓల్టుల మెగ్గరుతో పరీక్షించి, ఇన్సులేషను ఒక మెగోం కంటె తక్కువ ఉన్న సర్క్యూటును కలపరాదు. టెస్టరు వెలిగిందా లేదా అని చూడడం పరీక్ష కిందికి రాదు.

అణుకేంద్రానికీ తప్పలేదు

సందు మూయకపోతే ఏమవుతుందన్నది పెద్దవారికీ అనుభవమే. ఫ్రాన్స్‌లో జిరోండ్ నదీముఖం ఒడ్డున ఉన్న బ్లయే అణువిద్యుత్ కేంద్రంలో 1999 డిసెంబరు 27 రాత్రి తుపాను అలలు రక్షణ గట్టు దాటాయి. నీరు నేల కింది సొరంగాల్లో దిగి, తలుపుల గుండా, గోడల్లో కేబుళ్ళు దూరే కంతల గుండా లోపలికి పాకింది. ముఖ్యమైన పంపులు కొన్ని, విద్యుత్ పరికరాలు కొన్ని మునిగాయి. రియాక్టర్లను సురక్షితంగా ఆపగలిగారు కాబట్టి సరిపోయింది. తరువాత అక్కడ గట్టు ఎత్తు పెంచారు, దానితోపాటు కంతలూ మూశారు. సింగ్ నగర్ డాబా ఇంటికీ, ఆ కేంద్రానికీ పోలిక లేకపోవచ్చు గాని నీరు దూరిన దారి ఒకటే.

ముందు వాలు, తరువాత మూత

మరి చేయవలసిందేమిటి? పుట్టీ ముద్ద తెచ్చి బోర్డు దగ్గర గొట్టం నోట్లో కుక్కడం అందరికీ తోచే ఉపాయం. పల్లాన ఉన్న నోరు మాత్రమే మూస్తే వెనుక గొట్టమంతా నీరు నిండి ఆ ముద్దను నెడుతూ ఉంటుంది. గండికి ఇసుక బస్తా అడ్డం వేసినట్లు, నిలిచినంత సేపు నిలుస్తుంది. డెల్టా రైతుకు ఇది చెప్పనక్కరలేదు. చేలో నీరు నిలిస్తే గట్టు ఎత్తు చేసి ఊరుకోడు, మురుగు కాలువలోకి దారి తీస్తాడు. గొట్టంలోని నీటికీ ఇంట్లోకి రాకముందే పోయే దారి చూపాలి.

కేంద్ర ప్రజాపనుల శాఖ నిర్దేశాల్లో, భవనంలోకి కేబులు వచ్చే గొట్టం భవనం నుంచి బయటకు వాలుగా ఉండాలని, కేబులు వేశాక నోరు మూయాలని ఉంది. ఎనిమిది అడుగులకు ఒక అంగుళం వాలు చాలు. రోడ్డు ఎత్తయి ఇల్లు పల్లమైన చోట ఇది కుదరదు. అక్కడ ఇంటి గోడకు బయట, గొట్టం కంటె లోతుగా ఒక చిన్న ఛాంబరు కట్టించాలి. అడుగున సిమెంటు వేయకుండా కంకర పరిచి వదలాలి. వీధి వైపు గొట్టం ఆ ఛాంబరులో ఆగిపోతుంది. కేబులు మాత్రం అక్కడి నుంచి వేరే గొట్టంలో పైకెక్కి గోడలోకి పోతుంది. వచ్చిన నీరు కంకరలో ఇంకుతుంది. నేలనీరు పైపైనే ఉండే దివిసీమ వంటి చోట్ల కంకర పని చేయదు సరికదా, కింది నుంచే ఊరుతుంది. అటువంటి ఊళ్ళలో నేల కింద గొట్టాన్ని నమ్ముకోకుండా కేబులును ప్రహరీ వెంట గోడకు క్లాంపులతో తీసుకుపోవడమే మేలు. చూపుకు బాగుండదని నసిగేవారికి చెప్పేదేమీ లేదు.

బయట గొట్టం నోరు ఎప్పుడూ ఆకాశం చూడరాదు. నేల మీదికి రెండడుగులైనా లేచి, చేతికర్ర పిడిలా వంగి కిందికి చూడాలి. అక్కడ కేబులును కొంచెం కిందికి జార్చి మళ్ళీ పైకి తీసి పెట్టెలోకి దూర్చితే, దాని వెంట కారిన వాన ఆ వంపు దగ్గరే బొట్టుగా రాలిపోతుంది. పెట్టెలోకి తీగ పై నుంచి కాక అడుగు నుంచి రావాలి. అడుగున పెన్సిలు మొన పట్టేంత కన్నం ఒకటి ఉండాలి, ఎన్ని చేసినా వచ్చే నాలుగు చుక్కలు పోవడానికి. పోగుల్లో నడిచే నీటికి మందు, కేబులు కొస వాన తగలని పెట్టెలోనే ఉండేటట్లు చూసి, తొడుగు చీల్చిన చోట వేడికి ముడుచుకునే రబ్బరు టోపీ తొడగడం. ఆర్మర్డ్ కేబులైతే సరైన సైజు గ్లాండు బిగించాలి.

ఇవన్నీ అయ్యాక మూత. ఎత్తున ఉన్న నోటితో మొదలుపెట్టి రెండు నోళ్ళూ మూయాలి. గట్టిపడకుండా మెత్తగా ఉండే డక్ట్ సీల్ ముద్ద ఎలక్ట్రికల్ షాపుల్లో దొరుకుతుంది. తీగల మధ్య సందుల్లోకి కూడా నొక్కాలి, తేమ గాలి ఆగేది అప్పుడే. రాయిలా బిగుసుకునే ఎపాక్సీ ముద్ద పెడితే రేపు తీగ మార్చవలసి వస్తే గొట్టం కోయవలసిందే. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ రాగిని తింటుంది కనుక విద్యుత్ పెట్టెల్లో తగదు. సిమెంటు పూత మొదటి వేసవికే పగులుతుంది. గుడ్డపేలికలు, థర్మోకోలు ముక్కలు కుక్కడం కూడా కద్దు. గుడ్డ నీటిని ఆపకపోగా పట్టి ఉంచుతుంది.

ఈ పని వల్ల చీమలు, బొద్దింకలు, జెర్రులు కూడా బోర్డులోకి రావు. గృహిణులు దీనికి ఎక్కువ సంతోషించవచ్చు.

ఎన్ని చేసినా మునిగే పేటల్లో ఇళ్ళకు ఒక్కటే నమ్మకమైన ఏర్పాటు. 2024లో గోడ మీద నీటి గీత ఎక్కడిదాకా వచ్చిందో దానికి రెండడుగుల పైన మెయిన్ బోర్డు పెట్టాలి. గొట్టంలో నీరు బయటి మట్టాన్ని దాటి పైకి ఎక్కదు. కింది అంతస్తు ప్లగ్గులకు వేరే ఎంసీబీ ఉంటే వాటిని ఆపి మేడ మీద దీపాలు వెలిగించుకోవచ్చు కూడా. అద్దె ఇళ్ళలో ఈ ఖర్చు ఎవరిదన్నది తేలని పేచీ. యజమాని వేరే ఊళ్ళో ఉంటాడు, బోర్డు ముట్టుకునేది అద్దెకున్నవారు.

భవిష్యత్తులో పనికొస్తుందని ఇంటర్నెట్ తీగ కోసం, గేటు దీపం కోసం, సోలారు కోసం ముందుగానే పూడ్చి ఉంచిన ఖాళీ గొట్టాల సంగతి మరవరాదు. అడ్డుపడే తీగ కూడా లేదు కాబట్టి నీరు వాటిలో మరింత ధారాళంగా వస్తుంది. వాటికి రెండు పక్కలా మూతలు బిగించాలి. డాబా మీది సోలారు పలకల నుంచి దిగే గొట్టానికీ పైనున్న నోరు ఇలాగే వంచాలి. లేకపోతే డాబా మీద పడిన వాన ఇన్వర్టరులోకి దిగుతుంది.

గొట్టం తవ్వి వాలు సరిచేయడానికి అనువైన కాలం వేసవి. కాలువలు కట్టేసి, నేలనీరు దిగి, రేగడి బీటలు వారి ఉన్నప్పుడు ఊడిన అతుకులు కంటికి కనిపిస్తాయి, తీగ సులువుగా వస్తుంది. కాలువలకు నీరు వదిలాక పలుగు వేస్తే డెల్టాలో చాలా ఊళ్ళలో గోతిలో ముందు నీళ్ళే ఊరుతాయి.